వ్యాన్ కొనేముందు రాబోయే కుర్చీని కొలవండి

రోజురోజుకీ ముదిరే జబ్బు ఇంట్లో ఉన్నప్పుడు ఏ వస్తువు కొన్నా ఒకటే చిక్కు. ఇవాళ చక్కగా సరిపోయింది కొన్ని నెలలు తిరిగేసరికి పనికిరాకుండా పోతుంది. చేతికర్ర పోయి వాకర్ వస్తుంది, వాకర్ మూలన పడి వీల్‌చైర్ వస్తుంది. వాటి వరకూ ఫర్వాలేదు, ఒకటి పక్కన పెట్టి ఇంకొకటి తెచ్చుకోవచ్చు. వ్యాన్ అలా కాదు. వీల్‌చైర్ నేరుగా లోపలికి ఎక్కేలా మార్చిన వ్యాన్ అంటే చాలా కుటుంబాలకి ఇల్లు తర్వాత అంత పెద్ద ఖర్చు అదే. పైగా దాని అడుగు కోసి, కిందకి దించి, ర్యాంపు బిగించాక "ఇంకో రెండు అంగుళాలు ఎత్తు కావాలి" అంటే కుదిరే పని కాదు. అందుకే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఇప్పుడు ఈ వెతుకులాటలో ఉన్నవాళ్లకి ఒక్క అంగుళం కలిసొచ్చినా మంచిదే.

మా అన్నయ్యకి ఏఎల్‌ఎస్. కండరాలని కదిలించే నరాల కణాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు ఇది. కొందరికి ముందు కాళ్లు పట్టు తప్పుతాయి, కొందరికి చేతులు, కొందరికి అసలు మాటతోనే మొదలవుతుంది. పోనుపోనూ ఊపిరి తీసుకునే కండరాల దాకా వస్తుంది. లక్షణాలు మొదలయ్యాక చాలామంది 2 నుంచి 5 ఏళ్లు బతుకుతారు, కొద్దిమంది పదేళ్లు దాటి కూడా ఉంటారు. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (చిన్నప్పటి నుంచే కండరాలు క్షీణించే జబ్బు) అయితే లెక్క వేరు. ఎక్కువమంది పిల్లలకి పన్నెండేళ్లు అటూ ఇటూగా నడక ఆగిపోతుంది, ఆ తర్వాత పిల్లవాడూ పెరుగుతాడు, వాడితోపాటు కుర్చీ సైజూ పెరుగుతుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో (మెదడు, వెన్నుపాములోని నరాల పైపొర దెబ్బతినే జబ్బు) చాలామందికి జబ్బు తిరగబెట్టడం, తగ్గడం, మళ్లీ తిరగబెట్టడం, ఇలా ఏళ్ల తరబడి నడుస్తుంది, కొందరికి వీల్‌చైర్ అవసరమే రాదు. అంటే అందరికీ ఒకే వ్యాన్ సరిపోదు. షోరూమ్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి, రోజువారీ పనులకి తగిన సాధనాలు సూచించే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి ఈ ప్రశ్నలు పట్టుకెళ్లండి: ఏడాది తర్వాత మెడ ఎలా ఉండొచ్చు? ఊపిరికి మెషిన్ పడుతుందా? కుర్చీలో నిటారుగా కూర్చోగలరా, వెనక్కి వాల్చాలా? తేదీలు ఎవరూ చెప్పలేరు, చెప్పరు కూడా. కానీ జబ్బు ఏ వైపు పోతుందో చెప్పగలరు, మనకి కావాల్సింది అదే.

ఎప్పుడు మొదలుపెట్టాలి అని చాలామంది అడుగుతుంటారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను, మనిషి ఇంకా నాలుగడుగులు వేస్తుండగానే మొదలుపెట్టాలి. కారు ఎక్కేటప్పుడు ఒక కాలుని చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవడం మొదలైందంటే అది గంట కొట్టినట్టే. ఆ దశలో సీటు మీద వేసుకుంటే మనిషితోపాటు తిరిగే మెత్త, ఒక సీటు నుంచి ఇంకో సీటుకి జరగడానికి వాడే పలక లాంటివి కొన్నాళ్లు పని చేస్తాయి, వాడుకోండి. ఈలోపు వ్యాన్ పని జరుగుతూ ఉండాలి, ఎందుకంటే వెతకడం, చూడటం, మార్పులు చేయించడం అంతా కలిపి నెలలు పట్టొచ్చు. కారు సీటుకీ వీల్‌చైర్‌కీ మధ్య మనిషిని మోసి దించేటప్పుడే పడిపోవడాలు, భుజం పట్టేయడాలు, మోసేవాళ్ల నడుం విరగడాలు జరుగుతాయి. అదొక్కటి తప్పినా వ్యాన్ ఖర్చు వృథా కాదని నేను నమ్ముతాను.

అయితే ముందు కుర్చీ, తర్వాత వ్యాన్. ఈ వరస మారకూడదు. ఇప్పుడు మడత పెట్టే మామూలు వీల్‌చైర్ వాడుతున్నారు కదా, దానికి సరిపడే వ్యాన్ చూసుకుంటే చాలు అనిపిస్తుంది. ఆ కుర్చీ 15, 20 కిలోలు ఉంటుంది, ఎందులోనైనా పడుతుంది. కానీ చేతులు, నడుము, మెడ బలహీనపడే జబ్బుల్లో రేపు వచ్చేది మోటారు కుర్చీ. సీటు మొత్తంగా వెనక్కి ఒరిగేది, వీపు భాగం విడిగా వాలేది, కాళ్లు పైకి లేచేది, తలకి ఆనుడు ఉండేది, అవసరమైతే వెనక వెంటిలేటర్ పెట్టుకునే పళ్లెం ఉండేది. బ్యాటరీలతో కలిపి అలాంటి కుర్చీ ఒక్కటే 150 కిలోలు, కొన్ని 200 కిలోల దాకా తూగుతాయి. మనిషిని కలిపితే పావు టన్ను దగ్గరికి వెళ్తుంది. ర్యాంపు ఎంత బరువు మోస్తుంది, వ్యాన్ మొత్తంగా ఎంత బరువుకి అనుమతి ఉంది, ఆ బరువులో ఇంకా ఎంతమంది కూర్చోవచ్చు అన్నది అమ్మేవాళ్లని కాగితం మీద చూపించమనండి. నోటిమాట సరిపోదు.

మోటారు కుర్చీ ఇంకా చేతికి రాకపోతే థెరపిస్ట్ ఏ రకం రాస్తారో కనుక్కుని దాని కొలతలు తీసుకోండి. వీలైతే అలాంటి కుర్చీని అరువు తెచ్చి కూర్చోబెట్టి కొలవండి. ముఖ్యమైనది ఎత్తు. నేల నుంచి నడినెత్తి దాకా, తల ఆనుడు పైఅంచు దాకా, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. మోటారు కుర్చీలో సీటు కిందే మోటార్లు, బ్యాటరీలు ఉంటాయి కాబట్టి మనిషి మామూలు కుర్చీలో కంటే పైకి కూర్చుంటాడు. పెద్దవాళ్లలో చాలామందికి ఈ కొలత 50 అంగుళాలు దాటుతుంది, పొడవైన వాళ్లకి 57, 58 కూడా వస్తుంది. అడుగు దించిన మినీవ్యాన్లలో తలుపు ఎత్తు ఎక్కువగా 55 అంగుళాలకి అటూ ఇటూ. అంటే ఆట అంతా ఆ రెండు మూడు అంగుళాల్లోనే. తలుపు ఎత్తు వేరు, లోపల కప్పు ఎత్తు వేరు, రెండూ అడగండి. తలుపు దాటాక లోపల ఎంత చోటున్నా ఉపయోగం లేదు, తల తలుపు దగ్గరే తగిలితే.

ఇక్కడ ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఎక్కేటప్పుడు కొంచెం తల వంచితే సరిపోతుందండీ." మేము చూసిన మొదటి వ్యాన్ దగ్గర కూడా అదే అన్నారు. అన్నయ్య మెడ అప్పటికే సన్నగిల్లింది. తల వంచగలడు, తలని ముందుకి వాల్చడానికి బలం అక్కర్లేదు కదా. వంచాక మళ్లీ పైకి ఎత్తలేడు. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉండిపోతుంది, లాలాజలం గొంతులోకి పోయి దగ్గు వస్తుంది, ఆ దగ్గుకి సరిపడా బలం ఊపిరితిత్తుల దగ్గర ఉండదు. వదిన ర్యాంపు మధ్యలో ఆగి ఒక చేత్తో నుదురు పట్టుకుని పైకి లేపాల్సి వచ్చింది, ఇంకో చెయ్యి కుర్చీ మీద. ఆ వ్యాన్ మిగతా అన్ని విధాలా బాగుంది. అయినా వద్దన్నాం. మెడ బలహీనపడే జబ్బు ఏదైనా సరే, తల వంచకుండా దూరే వ్యానే కావాలి, పైన కనీసం ఒకటి రెండు అంగుళాల ఖాళీతో. దిండు మారుతుంది, సీటు ఎత్తు మారుతుంది, కొత్త తల ఆనుడు వస్తుంది, ఆ ఖాళీ ఎప్పటికైనా అవసరానికొస్తుంది.

ఎత్తు తర్వాత పొడవు. కాళ్లు చాచి ఉన్న కుర్చీ పాదాల కొస నుంచి వెనక చక్రం దాకా నాలుగు అడుగులు దాటిపోతుంది, వెంటిలేటర్ పళ్లెం పెడితే ఇంకాస్త. కాళ్లు ఎంతవరకు మడవగలరో కూడా చూసుకోవాలి. కండరాలు బిగుసుకునే వాళ్లకి మోకాళ్లు పూర్తిగా మడవవు, అప్పుడు పాదాలు ఎప్పుడూ ముందుకే ఉంటాయి. వెడల్పు పెద్ద సమస్య కాదు, ర్యాంపు కంటే కుర్చీ ఒక గుప్పెడు తక్కువుండేలా చూసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు చర్చ. పక్క నుంచి ఎక్కాలా, వెనక నుంచి ఎక్కాలా?

పక్క తలుపు నుంచి ఎక్కితే మనిషి మధ్య వరసలోకి గానీ, ముందు సీటు తీసేసి ఉంటే డ్రైవర్ పక్కకి గానీ రావచ్చు. కుటుంబంతో కలిసి కూర్చున్నట్టు ఉంటుంది, అందుకే చాలామంది ఇదే కోరుకుంటారు. కానీ వ్యాన్ పక్కన ర్యాంపు దిగడానికి, దాని ముందు కుర్చీ తిరగడానికి ఎనిమిది అడుగుల ఖాళీ కావాలి. పక్కన ఎవరైనా బండి ఆపి వెళ్లిపోతే ఇక లోపలికి వెళ్లే దారి లేదు. లోపలికి వెళ్లాక కూడా కుర్చీని ముందువైపుకి తిప్పాలి. ఇక్కడే జబ్బు ముదరడం గురించి ఆలోచించాలి. ఇవాళ జాయ్‌స్టిక్ తన చేతిలోనే ఉంది, చులాగ్గా తిప్పేసుకుంటాడు. రేపు చేతివేళ్లు పని చేయకపోతే కుర్చీని వెనక నుంచి ఇంకొకరు నడపాలి, ఆ కంట్రోల్ కుర్చీ వీపు వెనక ఉంటుంది. అంటే తోడున్న మనిషి కూడా ర్యాంపు ఎక్కి, నడుము వంచి లోపలికి దూరి, ఆ ఇరుకులో పావు టన్ను బరువుని తిప్పాలి. ఎవరి కాలి వేళ్లు నలుగుతాయో, ఎవరి మోకాలు సీటుకి కొట్టుకుంటుందో చెప్పలేం. ఖాళీ వ్యాన్ చూస్తే ఇది తట్టదు.

వెనక నుంచి ఎక్కితే తిప్పే పనే లేదు. నేరుగా ముందుకి వెళ్లడం, నేరుగా వెనక్కి దిగడం. పొడవైన కుర్చీకి ఇదే సుఖం. ర్యాంపు చాలావాటిలో చేత్తో వాల్చేదే, స్ప్రింగ్ సాయంతో తేలిగ్గా కదులుతుంది, మోటారు లేదు కాబట్టి చెడిపోయేదీ తక్కువే. పక్కన ఎవరు బండి ఆపినా బెంగ లేదు, వెనక చోటు ఉంటే చాలు. ఇబ్బంది ఏంటంటే దిగేది రోడ్డు వైపుకి కావచ్చు, వచ్చే పోయే బండ్లని చూసుకోవాలి. ఇంకో ఇబ్బంది కూర్చునే చోటు. కొన్నిటిలో అడుగు కొంతవరకే కోస్తారు, కుర్చీ వెనక చక్రాల మీద, లేదా వాటికి కూడా వెనక ఆగిపోతుంది. బండిలో అన్నిటికంటే ఎక్కువ కుదుపు ఉండేది అక్కడే. గతుకు వచ్చిన ప్రతిసారీ ఆ దెబ్బ తిన్నగా మెడకి తగులుతుంది. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్యలో కూర్చుంటే అదే గతుకు సగం కూడా తెలియదు. కాబట్టి వెనక ఎక్కే వ్యాన్ అయితే అడుగు ముందు సీట్ల దాకా కోసిన రకం అడగండి. అప్పుడు కుర్చీ ముందు సీట్ల వెనకకి వచ్చి ఆగుతుంది, దాని పక్కనే తోడు మనిషికి ఒక సీటు ఉంటుంది. మేము తీసుకున్నది ఇలాంటిదే, ఇంకోసారి కొనాల్సి వచ్చినా ఇదే కొంటాం.

అలా ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది, నా వరకు అదే అసలు కారణం. గొంతు. ఏఎల్‌ఎస్‌లో మాట సన్నబడుతుంది, ముద్దముద్దగా అవుతుంది, తర్వాత ఆగిపోతుంది. పార్కిన్సన్స్‌లో కూడా గొంతు బాగా తగ్గిపోతుంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వినిపించే ఆ కాస్త గొంతు, కదిలే బండిలో టైర్ల చప్పుడు, ఏసీ చప్పుడు, ర్యాంపు గలగలల మధ్య రెండడుగులు దాటి రాదు. మూతికి బైప్యాప్ (ఊపిరికి సాయంగా గాలి నెట్టే మెషిన్) మాస్క్ ఉంటే అసలే వినపడదు. వెనక ఎక్కడో కూర్చోబెట్టిన మనిషి "కాలు కింద నలుగుతోంది" అని చెప్పినా, "ఊపిరి ఆడట్లేదు" అని చెప్పినా ముందు కూర్చున్నవాళ్లకి చేరదు. పైగా ఇంటిల్లిపాదీ ముందు మాట్లాడుకుంటుంటే తను ఒక్కడే సామాను లాగా వెనక ప్రయాణం చేయడం ఉంది చూశారా, అది జబ్బు కంటే ఎక్కువ బాధపెట్టే విషయం. అన్నయ్య ఒక వ్యాన్‌లో కూర్చుని చూసి "ఇక్కడ్నుంచి నాకు మీ వీపులు మాత్రమే కనిపిస్తున్నాయి" అన్నాడు. ఆ మాట విన్నాక కొలతల చీటీలో ఇంకో గడి చేరింది: అన్నయ్య ముఖం ఎవరికి కనిపిస్తుంది, తనకి ఎవరి ముఖం కనిపిస్తుంది.

మాట పూర్తిగా పోయాక కళ్లతో నడిపే కంప్యూటర్ వస్తుంది కదా అని అనుకోవచ్చు. ఇంట్లో అది బాగా పని చేస్తుంది. బండిలో కిటికీ నుంచి ఎండ పడితే కళ్లని పట్టే కెమెరా తడబడుతుంది, కుదుపులకి స్క్రీన్ కదిలితే గురి తప్పుతుంది. అందుకని బండి కోసం విడిగా ఒక పద్ధతి పెట్టుకోవాలి. మాకు ముందు అద్దం కింద ఇంకో చిన్న అద్దం ఉంది, రోడ్డుకి కాకుండా అన్నయ్య ముఖానికి తిప్పి ఉంటుంది. కళ్లు పైకి ఎత్తితే అవును, గట్టిగా మూస్తే కాదు. ఇంకా కదిలే వేలికో, మోకాలికో అందేలా ఒక బజర్ కూడా కట్టుకోవచ్చు, బజర్ మోగితే బండి పక్కకి ఆగాల్సిందే, అడగడాలు తర్వాత. కిటికీ ఎత్తు కూడా చూడండి. కూర్చున్న చోటి నుంచి రోడ్డు కనిపిస్తోందా, కిటికీ పైఅంచు కళ్లకి అడ్డం వస్తోందా అని. బయట ఏమీ కనపడకుండా గంటసేపు కూర్చుంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది.

ర్యాంపు గురించి కొంచెం లెక్క. భవనాలకి కట్టే ర్యాంపు మామూలుగా 12 అంగుళాల పొడవుకి 1 అంగుళం ఎత్తు. వ్యాన్‌కి అంత పొడవు ర్యాంపు పెట్టలేరు. వ్యాన్ అడుగు నేల నుంచి 10 అంగుళాల ఎత్తులో ఉండి, ర్యాంపు 5 అడుగులు ఉందనుకోండి, అది 6కి 1 అవుతుంది, అంటే రెట్టింపు నిటారు. మామూలు వీల్‌చైర్, మనిషి కలిపి 90 కిలోలు అనుకుంటే ఆ వాలు మీద ఎక్కించడానికి దాదాపు 15 కిలోల బరువుకి సమానమైన బలంతో ఆపకుండా నెట్టాలి. వయసు మళ్లిన భార్యో, తల్లో రోజూ అది చేయగలరా? కొన్ని వ్యాన్లలో తలుపు తెరిచినప్పుడు బండి ఆ వైపుకి కొంచెం కిందకి వంగుతుంది, వాలు తగ్గుతుంది, ఆ ఏర్పాటు ఉందేమో అడగండి. కొన్నిటిలో కుర్చీని తాడుతో లోపలికి లాగే చిన్న మోటారు ఉంటుంది, మామూలు కుర్చీ నెట్టేవాళ్లకి అది పెద్ద ఊరట. దిగేటప్పుడు నడుములో పట్టు లేని మనిషి ముందుకి ఒరిగిపోతాడు, కాబట్టి మామూలు కుర్చీని వెనక్కి దింపడమే మంచిది, మోటారు కుర్చీ అయితే సీటుని కాస్త వెనక్కి ఒరిగించి నెమ్మదిగా.

లిఫ్ట్ ఉన్న పెద్ద వ్యాన్లు కూడా ఉన్నాయి. వాలు అన్న సమస్యే ఉండదు, చాలా బరువైన, ఎత్తైన కుర్చీలకి అవే దిక్కు. కానీ బండి ఎత్తు పెరుగుతుంది, పైకప్పు ఉన్న పార్కింగుల్లో దూరదు, లిఫ్ట్‌కి సర్వీసింగ్ ఉంటుంది. ర్యాంపైనా లిఫ్టైనా ఒక పరీక్ష మాత్రం మానొద్దు. కరెంటు తీసేసి చేత్తో తెరిచి చూపించమనండి. మోటారు పని చేయని రోజున మనిషి లోపల ఉండిపోతే ఏ లివర్ లాగాలో, ఏ పంపు కొట్టాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. అడుగు దించిన బండికి కింద ఖాళీ తక్కువ, స్పీడ్ బ్రేకర్ మీద గీసుకుంటుంది, నిండా మనుషులతో ఒకసారి నడిపి చూడండి. స్పేర్ టైరు పెట్టే చోటుని కూడా మార్పుల్లో తీసేస్తుంటారు, టైరు ఎక్కడుందో, అసలుందో లేదో కనుక్కోండి.

కుర్చీని బండికి కట్టే విషయంలో మాత్రం ఎవరి మాటా వినొద్దు, ప్రమాణాలనే చూడండి. బండిలో సీటులా వాడటానికి తగిన కుర్చీకి ఐఎస్‌ఓ 7176-19 అనే ప్రమాణం ఉంది, కట్టే పట్టీలకీ, మనిషి బెల్టులకీ ఐఎస్‌ఓ 10542. గంటకి 48 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నట్టు పరీక్ష చేసి చూస్తారు. అలా పాసైన కుర్చీకి నాలుగు చోట్ల కొక్కెం గుర్తు అంటించి ఉంటుంది, పట్టీలు అక్కడే తగిలించాలి, చెయ్యి ఆనించే కమ్మీకో, చక్రానికో కాదు. కుర్చీ కొనేటప్పుడే ఆ గుర్తులున్నది కావాలని థెరపిస్ట్‌కి చెప్పండి, తర్వాత బిగించుకోవడం అన్ని కుర్చీలకీ కుదరదు. పట్టీలు కాకుండా కుర్చీ కింద ఒక బోల్టు బిగించి, అది నేల మీద గాడిలో టక్కున పడి లాక్ అయ్యే ఏర్పాటు కూడా ఉంది. చేత్తో పని లేదు, తనే ఎక్కి తనే లాక్ చేసుకునేవాళ్లకి చాలా బాగుంటుంది. కానీ ఆ బోల్టు ఆ ఒక్క కుర్చీకే సరిపోతుంది, కుర్చీ మారితే మళ్లీ ఖర్చు, పైగా కింద వేలాడుతూ గడపలకి తగులుతుంది. కుర్చీ మారబోయే ఇంటికి నాలుగు పట్టీలే మేలని నా నమ్మకం. ప్రతిసారీ వంగి తగిలించాలి, నిజమే. తమంతట తామే బిగిసే రకం పట్టీలైతే ఆ పని సులువవుతుంది.

పట్టీలు కుర్చీకి, బెల్టు మనిషికి. రెండూ కావాలి. కుర్చీలో జారకుండా పెట్టుకునే మెత్తటి బెల్టు ప్రమాదంలో ఆపలేదు. బండి బెల్టు నడుము దగ్గర ఎముకల మీద కిందుగా ఉండాలి, కడుపు మీద కాదు, చేతి కమ్మీల పైనుంచి కాకుండా వాటి లోపలి నుంచి రావాలి. కుర్చీ ముందుకే చూడాలి, పక్కకి తిప్పి కూర్చోబెట్టకూడదు. వీపు బాగా వాల్చి ప్రయాణం చేయకూడదు, 30 డిగ్రీలకి మించితే బెల్టు మనిషిని పట్టుకోలేదు, కిందనుంచి జారిపోతాడు. ఊపిరి ఇబ్బంది ఉన్నవాళ్లకి ఎంత వాలితే సుఖంగా ఉంటుందో ముందే ఇంట్లో చూసుకుని, ఆ ఒరుగులో బెల్టు సరిగ్గా పడుతోందో లేదో వ్యాన్‌లో చూడండి. కుర్చీకి ముందుండే పలక తీసేసి విడిగా కట్టేయాలి. వెంటిలేటర్, కఫం లాగే సక్షన్ మెషిన్, ఏ వస్తువూ ఒళ్లో పెట్టొద్దు, సడన్ బ్రేక్ వేస్తే అవన్నీ గాల్లో ఉంటాయి.

మెషిన్ల మాట వచ్చింది కాబట్టి, తోడు మనిషి సీటు నుంచి లేవకుండా చెయ్యి చాస్తే సక్షన్ గొట్టం అన్నయ్య నోటికి అందాలి, అది మా షరతు. గొంతులో కఫం అడ్డుపడితే బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చేంత టైం ఉండదు. కుర్చీ దగ్గర్లో కరెంటు ప్లగ్గు ఉండాలి, అది ఎంత లోడు మోస్తుందో మెషిన్ మీద రాసి ఉన్న వాట్లతో సరిచూసుకోవాలి. మెషిన్ సొంత బ్యాటరీ నిండుగా ఉంటేనే బయల్దేరాలి. ఏసీ గాలి వెనక దాకా వస్తుందా అన్నది కూడా చిన్న విషయం కాదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకి ఒళ్లు వేడెక్కితే చూపు మసకబారడం, కాళ్లు ఇంకా బరువెక్కడం జరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. ఎండలో నిలబెట్టిన బండి ఎంతసేపట్లో చల్లబడుతుందో చూసి మరీ కొనండి.

తనే బండి నడపాలన్న కోరిక ఉంటే ఆ మాట మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. నెమ్మదిగా నడిచే జబ్బుల్లో చేత్తో నొక్కే బ్రేకు, యాక్సిలరేటర్ పెట్టించుకుని ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఉన్నారు, అక్కడ ఆ ఖర్చు న్యాయం. వేగంగా ముదిరే జబ్బులో ఆ మార్పులు పూర్తయ్యేలోపే చేతులు సహకరించకపోవచ్చు. అన్నయ్యే ముందు అన్నాడు, ఆ డబ్బుతో మంచి తల ఆనుడు కొనుక్కుందాం అని. ఆ రోజు వదిన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

డబ్బు గురించి చెప్పడం కష్టం, చెప్పకపోవడం తప్పు. జబ్బు వేగం ఎక్కువైతే వ్యాన్ వాడేది కొద్ది కాలమే కావచ్చు. అందుకే పాతవి చూడటానికి వెనకాడొద్దు. ఇలాంటి వ్యాన్లు ఎక్కువ తిరక్కుండానే అమ్మకానికి వస్తుంటాయి, ఎందుకు వస్తాయో మనకి తెలుసు. పాతది అయితే ఇంజిన్ కంటే ముందు అడుగు చూడండి, కోసి అతికిన చోట తుప్పు ఉందా, ర్యాంపు కీళ్లు వదులయ్యాయా, పట్టీల నేత పీచులు లేచిందా. పట్టీలు, బెల్టులు కొత్తవి వేయించుకోవడమే క్షేమం. నెలకి ఒకటి రెండు సార్లు ఆసుపత్రికి తప్ప బయటికి వెళ్లే ఓపిక లేని దశలో ఉంటే కొనడం కంటే అద్దెకి తీసుకోవడమే తెలివైన పని. కొనాలనుకున్నా ముందు ఆ రకం వ్యాన్‌ని ఒకరోజు అద్దెకి తీసుకుని తిరిగి చూడండి, షోరూమ్ చుట్టూ ఒక చక్కర్ కొడితే తెలియనివి చాలా తెలుస్తాయి.

చూడటానికి వెళ్లినప్పుడు మనిషిని తప్పకుండా తీసుకెళ్లండి. అలసిపోతారని ఇంట్లో వదిలి కొలతలు పట్టుకెళ్తుంటారు కొందరు. అలసిపోతే మరీ మంచిది, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఉండే పరిస్థితి అదే. దిండ్లు, మాస్క్, మెషిన్లు, సంచీలు అన్నీ ఎక్కించి, పట్టీలన్నీ కట్టి, కావాలని గతుకుల రోడ్డు మీదకి తీసుకెళ్లి, గట్టిగా ఒక బ్రేక్ వేసి చూడండి. తోడుండే ఇంకో మనిషి కూడా ఒకసారి ఆ కుర్చీ ఎత్తులోనే అక్కడ కూర్చుని ప్రయాణం చేయాలి. చివర్లో "ఎలా ఉంది?" అని అడిగినప్పుడు తను వద్దంటే ఆ వ్యాన్ వద్దు, కారణం చెప్పలేకపోయినా సరే. అందులో తిరగాల్సింది తనే.

కొన్నాక చేయాల్సిన పని ఒకటుంది, ఇది వదిన ఆలోచన. మా వ్యాన్ వెనక తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించి ఉంది, ప్లాస్టిక్ తొడుగు వేసి. కుర్చీ ఎక్కడ ఆగాలో నేల మీద రంగు టేపుతో గీత, నాలుగు పట్టీలు ఏవి ఎక్కడ తగిలించాలో ఫోటోలు, బెల్టు ఎలా పడాలో ఇంకో ఫోటో, ర్యాంపు ఇరుక్కుంటే ఏం చేయాలో పెద్ద అక్షరాల్లో. అన్నయ్య అవును, కాదు ఎలా చెప్తాడో కూడా రాసి ఉంది. పక్కింటివాళ్లు గానీ, ఎప్పుడూ ఆ బండి ముట్టని చుట్టం గానీ ఆ కాగితం చదువుకుంటూ తనని ఎక్కించగలగాలి. మీరు కూడా అలాంటిది రాసుకుని, బండి తెలియని వాళ్లెవరితోనైనా ఒకసారి ఖాళీ కుర్చీతో చేయించి చూడండి, వాళ్లు ఎక్కడ ఆగిపోతారో అక్కడ ఇంకో ఫోటో పెట్టండి.